ముందు పక్కనుంచి చూడు

"అమ్మమ్మా, నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి వచ్చి వెళ్ళు. ఇందులో నా కనురెప్పలు తప్ప మరేమీ కనబడడం లేదు!"

పోయిన ఆదివారం పొద్దున్నే మా అక్క మనవరాలు ఫోనులో పెట్టిన మొర ఇది. పిల్ల తొమ్మిదో తరగతి చదువుతోంది. సైన్సంటే ఆసక్తి వుందని వాళ్ళ నాన్న ఎక్కడో బేరమాడి పాత కాంపౌండు మైక్రోస్కోపు ఒకటి కొని తెచ్చాడు.

ఈ శీర్షికలో ఇదివరకు కుట్టుమిషను గురించి రాశాను, కుక్కరు గురించి రాశాను. ఈ వారం మైక్రోస్కోపు గురించి రాస్తానంటే మీలో కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. ముప్ఫై ఏళ్ళు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి పెన్షను పుచ్చుకుంటున్నదాన్ని గనుక ఆ మాత్రం చనువు తీసుకుంటున్నాను. అయినా పని కాగానే నూనె చుక్క వేసి, మూత పెట్టి, కుట్టుమిషనును పాతికేళ్ళు కాపాడుకునే ఇల్లాలికి మైక్రోస్కోపు ఒక లెక్కా?

నేను వెళ్ళేసరికి ఆ పరికరం భోజనాల బల్ల మీద, ఇడ్లీ పళ్ళేల పక్కన కొలువు తీరి వుంది. అంబాలాలో తయారైన సరుకు. కాలేజీ పిల్లలు వాడే రకం. బరువైన ఇనుప పాదం, దాని మీద వంపు తిరిగిన చెయ్యి, ఆ చేతికి తగిలించిన గొట్టం, అడుగున అటూ ఇటూ తిరిగే అద్దం. పిల్ల తల్లి తన చీర చెంగుతో లెన్సులు తుడిచి శుభ్రం చేశానని సంతోషంగా చెప్పింది. నా గుండె గుభేలుమంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

"ముందు దీన్ని కిటికీ దగ్గర గట్టి బల్ల మీదికి మార్చు" అన్నాను. పిల్ల చటుక్కున గొట్టం పట్టుకుని ఎత్తబోయింది. గొట్టాన్ని పట్టి ఎత్తితే లోపలి పళ్ళచక్రం మీద బరువంతా పడి, నాలుగు రోజులకు వదులైపోతుంది. ఐపీసు, అంటే మనం కన్ను పెట్టి చూసే పై లెన్సు, పైన ఊరికే కూర్చుని వుంటుంది. వంచితే జారి కింద పడుతుంది. చంటిపిల్లని ఎలా ఎత్తుకుంటాం? ఒక చెయ్యి వీపున, ఒక చెయ్యి అడుగున. ఇదీ అంతే. ఒక చేత్తో వంపు చెయ్యి పట్టుకోవాలి, రెండో చెయ్యి పాదం కింద పెట్టాలి, నిటారుగా మోసుకుపోవాలి.

అద్దాన్ని కిటికీలోంచి కనబడే ఆకాశం వైపు తిప్పించాను. ఒక్క మాట తల్లులందరూ గుర్తుపెట్టుకోవాలి: ఎండను నేరుగా అద్దం మీద పడనివ్వకూడదు. అద్దం మళ్ళించిన సూర్యకాంతి లెన్సుల గుండా కంట్లో పడితే చూపు పోతుంది. తెల్లటి ఆకాశమో, బల్లదీపమో చాలు. అద్దానికి రెండు ముఖాలుంటాయి, ఒకటి బల్లపరుపు, ఒకటి గుంట. వేదిక కింద కండెన్సరనే మరో లెన్సు వుంటే బల్లపరుపు ముఖం, లేకపోతే గుంట ముఖం వాడాలి.

"ఇప్పుడు కనురెప్పలు లేవు అమ్మమ్మా! తెల్లటి చందమామ కనబడుతోంది!" అంది పిల్ల. రెండో కన్ను మూయొద్దన్నాను. ఒంటికన్ను చికిలించి చూస్తే పావుగంటలో తలనొప్పి పట్టుకుంటుంది. రెండు కళ్ళూ తెరిచి వుంచి ఒకదానితోనే చూడడం రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది.

పాత వారపత్రికలోంచి "అ" అక్షరం ఒకటి కత్తిరించి స్లైడు మీద పెట్టాం. చిన్న లెన్సు మీద 10 అని వుంది, ఐపీసు మీదా 10 అని వుంది. రెంటినీ గుణిస్తే నూరు, అంటే వస్తువు నూరింతలై కనబడుతుంది. అక్షరం తలకిందులైంది; స్లైడును ఎడమకు జరిపితే బొమ్మ కుడికి పోయింది. పిల్ల పకపకా నవ్వింది. పత్రికలో నున్నగా కనబడే అక్షరం అంచులు మురికి గుంట గట్టులా వున్నాయి. మన ముఖచిత్రం మీది సుందరాంగి బుగ్గ కూడా నాలుగు రంగుల చుక్కల ముగ్గేనని తేలింది.

అంతవరకూ బాగానే వుంది. తర్వాత పిల్ల పెద్ద లెన్సు తిప్పుకుంది. దాని మీద 45 అని వుంది. కన్ను ఐపీసుకు ఆనించి, పెద్ద మర పట్టుకుని, గొట్టాన్ని కిందికి దించడం మొదలెట్టింది.

"ఆగు!" అని నేను వేసిన కేకకి పిల్ల తల్లి వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకు వచ్చింది.

ఆ కేక పిల్ల కోసం వేసింది కాదు. యాభై ఏళ్ళకు పైగా నా గొంతులో వుండిపోయినది.

1971 వ సంవత్సరం. నేను బి.యస్సీ. ఆఖరు సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీ లాబొరేటరీలో మైక్రోస్కోపులు ఇరవై దాకా వుంటే, వాటిలో మంచివి నాలుగో అయిదో. వాటిని కనిపెట్టుకుని వుండే భారం మా లాబ్ అటెండరుది. భుజాన గళ్ళ తువ్వాలు, చెవి మీద పెన్సిలు ముక్క. అయిదో తరగతితో చదువు మానేశారట. మేమందరం "తాతా" అనే పిలిచేవాళ్ళం. ఆయన మాత్రం మమ్మల్ని "అమ్మాయిగారూ" అనేవారు. వానాకాలం వస్తే మైక్రోస్కోపుల బీరువాలో చిన్న బల్బు ఒకటి రాత్రింబవళ్ళు వెలిగించి వుంచేవారు. ఎందుకో అప్పట్లో మేము అడగలేదు.

ఆ రోజు నా వంతుకు మంచి మైక్రోస్కోపు వచ్చింది. చూడవలసింది ఫెర్ను మొక్క ప్రోథాలస్. చిటికెన వేలి గోరంత పచ్చటి రేకు, హృదయం ఆకారంలో వుంటుంది. ఆ స్లైడు మా హెడ్డుగారు స్వయంగా తయారు చేసుకున్నది. నాకు ఆత్రం ఎక్కువ. పెద్ద లెన్సు పెట్టి, కన్ను లోపల పెట్టి, మర కిందికి తిప్పాను. ఏమీ కనబడలేదు. ఇంకా తిప్పాను. "కిటుక్కు"మని చప్పుడయింది.

స్లైడు పగిలింది. లెన్సు మూతికి గీత పడింది. చుట్టూ చూశాను. ఎవరూ నా వైపు చూడడం లేదు. గాజు పొడి ఓణీ అంచుతో తుడిచేసి, స్లైడును మామూలుగా పెట్టెలో పెట్టేసి, రికార్డు పుస్తకం మీద సంతకం చేయించుకుని ఇంటికి వెళ్ళిపోయాను.

రెండు రోజులకు బయటపడింది. "ఎవరు చేశారు?" అని క్లాసులో అడిగారు. నేను పైనున్న ఫాను వైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరూ ఒప్పుకోకపోతే, సాయంత్రం సరిచూసి లోపల పెట్టవలసినవాడిదే బాధ్యత అన్నారు. తాత జీతంలోంచి నెలకు మూడు రూపాయల చొప్పున ఆరు నెలలు కోశారు. ఆ మూడు రూపాయలకూ ఆయన ఇంట్లో ఏ ఖర్చు మానుకున్నారో నేను అడగలేదు. అడిగే మొహం లేదు.

పరీక్షలయ్యాక, నాన్నగారు ఇచ్చిన డబ్బుల్లో మిగిల్చి ఇరవై రూపాయలు పోగేసుకుని లాబ్‌కి వెళ్ళాను. తాత ఒక్కరే కూర్చుని లెన్సులు తుడుస్తున్నారు. నిలబడే చెప్పేశాను.

ఆయన చేతిలో పని ఆపలేదు. "తెలుసమ్మా. ఆ వేళ ఆ బల్ల దగ్గర కూర్చున్నది తమరే గదా. ఏ మిషను ఎవరికిచ్చానో నా కాగితంలో వుంటుంది" అన్నారు.

"మరి ఎందుకు చెప్పలేదు తాతా?"

"తమరే చెబుతారేమోనని చూశాను. వారం రోజులు చూశాను. ఆ తర్వాత చెబితే చాడీ చెప్పినట్టుంటుందని వూరుకున్నాను."

డబ్బులు చేతికిచ్చాను. ఆయన లెక్కపెట్టుకుని, రెండు రూపాయలు తిరిగి నా చేతిలో పెట్టారు. "పద్దెనిమిదేనమ్మా పోయింది." ఫరవాలేదనీ, బాధపడవద్దనీ ఆయన అనలేదు. అననందుకు ఆ రోజు ఏడుపు వచ్చింది కాని, అలా అనకపోవడమే న్యాయమని ఇప్పుడు అనిపిస్తుంది. తర్వాత నన్ను అదే మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు.

"కన్ను లోపల పెట్టకండి. తల పక్కకి వంచి, ముందు పక్కనుంచి చూడండి. అలా చూస్తూనే లెన్సును స్లైడు దాకా దించండి, తగలనివ్వకుండా. ఇప్పుడు లోపలికి చూడండి. చూస్తూ పైకే తిప్పాలి గాని, కిందికి తిప్పకూడదు."

అదే మొత్తం విద్య. దించేటప్పుడు కన్ను బయట, ఎత్తేటప్పుడు కన్ను లోపల. కొత్త మైక్రోస్కోపుల్లో గొట్టం కదలదు, స్లైడు పెట్టే వేదికే పైకీ కిందికీ కదులుతుంది. అక్కడా సూత్రం ఇదే: దగ్గరికి తెచ్చేటప్పుడు పక్కనుంచి చూడాలి, దూరం చేసేటప్పుడు లోపలికి చూడాలి. ఎందుకింత జాగ్రత్త అంటారా? పదింతల లెన్సుకీ స్లైడుకీ మధ్య సుమారు ఆరేడు మిల్లీమీటర్ల ఖాళీ వుంటుంది. 45 లెన్సుకి వుండేది సుమారు అర మిల్లీమీటరు, అంటే గోరు మందం. నూరింతల నూనె లెన్సుకి అంతకూడా వుండదు. అందుకే ముందు చిన్న లెన్సుతో బొమ్మ స్పష్టంగా తెచ్చుకుని, పక్కనుంచి చూస్తూ పెద్ద లెన్సు తిప్పుకుని, ఆపైన చిన్న మర మాత్రమే కొద్దికొద్దిగా కదపాలి. పెద్ద లెన్సు వచ్చాక పెద్ద మర జోలికి పోకూడదు. ఈనాటి కొన్ని లెన్సుల మూతికి స్ప్రింగు పెడుతున్నారు, తగిలితే లోపలికి ముడుచుకుంటుంది. మంచిదే కాని, దాన్ని నమ్ముకుని కన్ను మూసుకోకూడదు.

ముప్ఫై ఏళ్ళూ ప్రతి బ్యాచికీ మొదటి రోజు తాత మాటలే చెప్పాను. ఎవరి మాటలో కూడా చెప్పాను. ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. పోయిన ఆదివారం మా పిల్లకి చెప్పాను, ఇవాళ మీకు చెబుతున్నాను.

ఇక చీర చెంగు సంగతి. బట్ట ఎంత మెత్తనిదైనా దాని పోగుల్లో కంటికి కనబడని ఇసుక రేణువులుంటాయి. పొడి లెన్సును బట్టతో రుద్దితే ఆ రేణువులు గాజును గీస్తాయి. వేలు తగిలితే చర్మం మీది జిడ్డు అంటుకుంటుంది. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము పోగొట్టాలి. అప్పటికీ మరక వుంటే, లెన్సుల కోసమే అమ్మే పలచటి కాగితాన్ని లెన్సులు శుభ్రం చేసే ద్రావకంతో కాస్త తడిపి, నొక్కకుండా అద్దాలి. వాడిన కాగితం మళ్ళీ వాడకూడదు. నూనె లెన్సు వాడితే పని కాగానే నూనె తుడవాలి. ఆ నూనె చుక్క వుండగా 45 లెన్సును తిప్పితే దానికీ అంటుకుంటుంది. లెన్సును మరలు విప్పి లోపల శుభ్రం చేద్దామనే సరదా ఎవరికీ వద్దు. విప్పడం తేలికే, అమర్చడం మన తరం కాదు.

మసక కనబడితే మురికి ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక చిట్కా వుంది. ఐపీసును దాని చోటనే మెల్లగా తిప్పండి. మచ్చ కూడా తిరిగితే మురికి ఐపీసు మీద వుంది. స్లైడును జరపండి, మచ్చ జరిగితే స్లైడు మీద వుంది. రెంటికీ కదలకపోతే కింది లెన్సు మీదో, కండెన్సరు మీదో వుందన్నమాట. పాలు విరిగితే గిన్నెదా తప్పు, పాలదా తప్పు అని విచారించే మనకు ఇది కష్టమా?

మా పిల్ల మైక్రోస్కోపు ఐపీసు తీసి వెలుతురుకి పట్టి చూస్తే, అంచున సాలెపోగుల్లాంటి సన్నని తీగలు కనబడ్డాయి. అది బూజు. మాది కాకినాడ. ఇక్కడి సముద్రపు గాలికి వూరగాయే కాదు, గాజు కూడా బూజు పడుతుంది. చెక్కపెట్టెలోనో తోలుసంచిలోనో పెట్టి నెలల తరబడి మూసి వుంచితే, తేమకు లెన్సు మీద బూజు మొలిచి, అది వదిలే ఆమ్లం గాజును తినేస్తుంది. గాజు తిన్నాక తుడిచినా మచ్చ పోదు. తాత బీరువాలో బల్బు వెలిగించింది అందుకే. ఆ వేడికి తేమ ఆరిపోయేది. ఈనాటి ఎల్.ఇ.డి. బల్బు అంతగా వేడెక్కదు గనుక ఆ పనికి చాలదు. పెట్టెలో సిలికా జెల్ సంచీ వేసి, అది తేమ పీల్చి రంగు మారగానే మార్చుకోవాలి. అన్నిటికన్నా మంచి మందు, వారానికి రెండుసార్లయినా బయటికి తీసి వాడడం. ఆ ఐపీసు బాగుచేసేవాళ్ళ దగ్గరికి పంపించాం, కొద్దిపాటి బూజే గనుక సరిపోయింది.

పని అయ్యాక వరస ఇది: స్లైడు తీసెయ్యాలి, చిన్న లెన్సును కిందికి తిప్పి వుంచాలి, వేదిక తుడవాలి, ముసుగు వెయ్యాలి. గొట్టంలోంచి ఐపీసు తీసి వుంచితే దుమ్మంతా లోపల పడుతుంది, అంచేత దాన్ని అక్కడే వుంచాలి.

ఇదంతా విని మా పిల్ల తెలివైన ప్రశ్న వేసింది. "రొనాల్డ్ రాస్ గారు పాడైపోయిన మైక్రోస్కోపుతోనే మలేరియా గుట్టు కనిపెట్టారని మా టీచరు చెప్పారు. మనకెందుకమ్మమ్మా ఇంత ఆచారం?"

మాట నిజమే. 1897 ఆగస్టు 20 న సికింద్రాబాదులో రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. 1902 లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోజుల్లో విసనకర్ర లాగిస్తే కోసి పెట్టుకున్న దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చునేవాడట. చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క ఐపీసూ బీట తీసింది. ఇవన్నీ ఆయనే రాసుకున్నాడు.

"అది పనిచేసి చేసి అరిగింది తల్లీ" అన్నాను. "చెమటకు తుప్పు పట్టడం వేరు, అశ్రద్ధకు బూజు పట్టడం వేరు. రోజంతా రుబ్బితే రోలు అరుగుతుంది. దాన్ని ఎవరూ తప్పనరు. ఆయన దగ్గర మంచి ఐపీసు ఇంకొకటి వుంటే, బీట తీసినది కావాలని వాడేవాడా?"

పిల్లకి ఇంకొక మాట కూడా చెప్పాను. మైక్రోస్కోపు ఎప్పుడూ ఒక్కరిది కాదు. నువ్వు లేచాక ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళ కంటికి నీ వేలిమరకే మేఘమై అడ్డు పడుతుంది. ఆస్పత్రి లాబ్‌లో అయితే ఆ మేఘం వెనక ఒక రోగి నెత్తుటి చుక్క వుంటుంది.

ఆ మధ్యాహ్నం ఉల్లిపొర తీశాం. ఉల్లిపాయ రేకు లోపలి వైపున వుండే పలచటి పొర. స్లైడు మీద నీటిచుక్క వేసి, అందులో పొర పరిచి, ఒక చుక్క అయోడిను వేసి, కవర్ స్లిప్‌ను సూది ఆసరాతో ఏటవాలుగా దించాం. దభాలున పడేస్తే గాలిబుడగలు చిక్కుకుంటాయి. నల్లటి దళసరి అంచుతో గుండ్రంగా కనబడే ఆ బుడగల్ని చూసి కొత్తవాళ్ళు ఏదో జీవి అనుకుంటారు. వెలుతురు ఎక్కువైతే పొర కనబడదు గనుక, కండెన్సరు కింది డయాఫ్రం కాస్త మూసి వెలుతురు తగ్గించాం. అప్పుడు ఇటుకలు పేర్చిన గోడలా కణాలు బారులు తీరాయి. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క పసుపు చుక్క. 1665 లో రాబర్ట్ హుక్ బిరడా ముక్కలో ఇలాంటి గదులే చూసి "సెల్" అని పేరు పెట్టాడని చెప్పాను. పిల్ల తల్లి గరిటె పక్కన పెట్టి వచ్చి చూసింది. "రోజూ తరిగే ఉల్లిపాయేనా ఇది?" అని చాలాసేపు లేవలేదు. పోపు మాడింది.

మొన్న బుధవారం రాత్రి మళ్ళీ ఫోను వచ్చింది.

"అమ్మమ్మా, ఒక కవర్ స్లిప్ పగిలిపోయింది. కడుగుతూ నేనే గట్టిగా నొక్కాను. నాన్నకి కూడా చెప్పేశాను."

"లెన్సుకేమీ కాలేదు కదా?"

"లేదు. పక్కనుంచి చూస్తున్నాను."

కవర్ స్లిప్‌లదేముంది, పెట్టెకు ఎన్నో వస్తాయి. అడగకముందే చెప్పినందుకు మెచ్చుకున్నాను. గాజుముక్కలు వేళ్ళకు గుచ్చుకోకుండా కాగితంలో పొట్లం కట్టి పారెయ్యమని చెప్పి ఫోను పెట్టేశాను.